శిశునిద్ర: తొట్టిల, మంచము, జోలపాట

నేడు నగరములలోని తెలుగు ఇండ్లలో కాన్పునకు ముందే కొనితెచ్చు వస్తువులలో చుట్టును కమ్ములు గల చిన్న మంచమొకటి. దానిని అందరును 'బేబీ కాట్' అనియే పిలుచుచున్నారు. కొడుకో కోడలో పసిబిడ్డను అందులో పరుండబెట్టబోగా, ఇంటిలోని పెద్దలు బిడ్డను తల్లి ప్రక్కనుండి వేరుచేయుట మన పద్ధతి కాదనియు, అది దొరల అలవాటనియు ఆక్షేపించుట కలదు. ఆక్షేపణ వెనుకనున్న మమత కాదనరానిది. కాని ఆ మాట చరిత్ర మాత్రము వేరు విధముగా నున్నది. ఆంగ్లములోని 'కాట్' ఆంగ్లేయుల సొంతసొత్తు కాదు. 17వ శతాబ్దమున ఈ దేశమునకు వచ్చిన వర్తకులును యాత్రికులును హిందూస్థానీలోని 'ఖాట్' శబ్దమును తమ వ్రాతలలోనికి తెచ్చుకొన్నారు. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఆ మాట భారతీయ పదముగనే నమోదైనది. 'ఖాట్' నకు మూలము సంస్కృతమున 'ఖట్వా'. శివుని చేతి ఖట్వాంగములో నున్నదియు ఆ శబ్దమే. తమిళ మలయాళములలోని 'కట్టిల్' తో పోల్చి, ఖట్వా శబ్దమునకే ద్రావిడమూలము చెప్పిన భాషావేత్తలును కలరు. నులక అల్లిన మంచముగా ఇచటినుండి ఓడయెక్కిన మాట మూడు శతాబ్దములు గడిచిన తరువాత శిశువుల మంచమై తిరిగివచ్చినది.

మాట తిరిగివచ్చినంత సులభముగా ఆచారము కుదురుకొనదు. పసిబిడ్డ ఎచ్చట నిద్రింపవలెను, ఎవరి ప్రక్కన నిద్రింపవలెను, ఎట్లు నిద్రపోవ నేర్వవలెను అను ప్రశ్నలు చూచుటకు చిన్నవి. కాని వానిలో బిడ్డ ప్రాణము, తల్లి విశ్రాంతి అను రెండు పెద్ద విషయములు ఇమిడియున్నవి. వానితోపాటు మూడవది, సాహిత్యమునకు సంబంధించినది, జోలపాట. ఈ మూడింటి చరిత్రను విడదీసి చూచుట సాధ్యము కాదు.

నిద్రపోని బిడ్డ సమస్య నాగరికత యంత పాతది. సుమారు నాలుగువేల ఏండ్ల క్రిందటి బాబిలోనియా మట్టిపలకలలో ఏడ్చు శిశువును ఊరడించు మంత్రములు లభించినవి. చీకటి యింట నుండి వెలుగులోనికి వచ్చిన చిన్నవాడా, ఎందులకేడ్చుచున్నావు, నీ యేడ్పునకు ఇంటి దేవత సైతము కలతచెందినది అను భావము వానిలో నున్నది. అది మంత్రమో, జోలపాటయో నిర్ణయించుట కష్టము. ఆ కాలమున ఆ రెంటికిని భేదమే లేదేమో. మన ఋగ్వేదము సప్తమ మండలములోని 55వ సూక్తము కూడ ఇట్టిదే. తల్లియు తండ్రియు నిద్రింపవలెనని, కాపలా కుక్కయు ఇంటిల్లిపాదియు నిద్రింపవలెనని అందు ప్రార్థన కలదు. రాత్రివేళ ఇల్లంతయు సద్దుమణగవలెనను కోరిక అందు స్పష్టముగా వినబడుచున్నది.

బిడ్డ ప్రక్కలో నిద్రించుటవలన కలుగు ప్రమాదము కూడ అంతే పాతది. బైబిలులోని సాలమన్ తీర్పు కథను ఎరుగనివారు లేరు. ఒకే బిడ్డకై ఇద్దరు స్త్రీలు వాదులాడుట అందరికిని జ్ఞాపకమే గాని, ఆ వాదమునకు కారణము అంతగా జ్ఞాపకముండదు. వారిలో ఒక స్త్రీ రాత్రి నిద్రలో తన బిడ్డపైకి ఒరుగగా ఆ శిశువు మరణించినది. ప్రసిద్ధమైన ఆ న్యాయకథకు మూలము ఒక తల్లి ప్రక్కలో జరిగిన విషాదము. క్రీ. శ. 2వ శతాబ్దమున రోమునగరములో వైద్యము చేసిన గ్రీకు వైద్యుడు సొరానస్ తన స్త్రీవైద్య గ్రంథములో ఈ ప్రమాదమును పేర్కొని దానికి ఉపాయమును చెప్పినాడు. దాది తెలియక బిడ్డపైకి దొర్లు భయమున్నది కావున బిడ్డ ఆమెతో ఒకే పడకపై పరుండరాదు. తొట్టిల ఆమె మంచమును ఆనుకొని యుండవలెను. ఇంకను దగ్గర కావలెనన్న చిన్నతొట్టిని మంచముపైననే పెట్టుకొనవచ్చును. ఒకే గది, వేరు పడక అను ఈ సూత్రమును మరల కనుగొనుటకు వైద్యశాస్త్రమునకు సుమారు పదునెనిమిది శతాబ్దములు పట్టినది.

గ్రీకుల తత్త్వవేత్త యొకడు ఊపుటను గూర్చి కూడ ఆలోచించినాడు. ప్లేటో తన 'లాస్' గ్రంథపు ఏడవ భాగములో పసిబిడ్డలు ఎల్లప్పుడును సముద్రముమీద పయనించువారివలె కదలికలో నుండుట మేలని చెప్పినాడు. నిద్రపట్టని బిడ్డకు దాదులు నిశ్చలత్వము నీయరు, కదలికనిత్తురు, మౌనమునీయరు, పాటనిత్తురు. బయటి కదలిక లోపలి భయమును జయించునని అతని వివరణ. దాదుల నోటినుండి తత్త్వశాస్త్రమునకు ఎక్కిన విద్య ఇది. క్రీ. శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము క్రింద కప్పబడిన హెర్క్యులేనియం పట్టణములో బొగ్గుగా మారిన కొయ్య ఊయెల యొకటి బయల్పడినది. ప్లేటో చెప్పిన కదలికకు ఆ కొయ్య సాక్ష్యము.

మన వైద్యగ్రంథములు బిడ్డ పడకను గూర్చి చెప్పిన మాటలు ఇంతకు తీసిపోవు. చరకసంహిత శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయములో కుమారాగారమును, అనగా శిశువు గదిని, వర్ణించు భాగము కలదు. పడక, పరుపు, దుప్పటి మెత్తగను, తేలికగను, శుభ్రముగను ఉండవలెననియు, మలినమైన వానిని తొలగించవలెననియు, తిరిగి వాడవలసివచ్చినచో ఉతికి, ధూపము వేసి, ఆరబెట్టి వాడవలెననియు అందున్నది. అంతకంటె విశేషమైనది మరియొక మాట. బిడ్డ ఏడ్చినను, తినకున్నను, చెప్పినట్లు వినకున్నను రాక్షసుల, పిశాచముల, పూతనాదుల పేర్లు చెప్పి భయపెట్టరాదని చరకుడు నిషేధించినాడు. సుశ్రుతుడును నిద్రించు శిశువును హఠాత్తుగా మేల్కొల్పరాదనియు, హఠాత్తుగా లాగుట, పైకెత్తుట కూడదనియు హెచ్చరించినాడు. తెలుగు ఇండ్లలో 'బూచివాడు వచ్చును, కండ్లు మూసికొనుము' అనుట అనూచానముగ వచ్చుచున్నదే. శాస్త్రము ఒకవైపున, వాడుక మరియొకవైపున ఉన్నవనుటకు ఇది నిదర్శనము. అలసిన తల్లికి శాస్త్రగ్రంథము అందుబాటులో నుండదు. బూచి ఎల్లప్పుడును గుమ్మమునొద్దనే యుండును.

పురాణములలో శిశునిద్రకు సంబంధించిన ఘట్టములలో భాగవతములోని శకటభంజనము ముఖ్యమైనది. బాలకృష్ణుడు మొదటిసారి ప్రక్కకు ఒత్తిగిలిన నాడు యశోద ఉత్సవము చేసినది. బిడ్డ కండ్లపైకి నిద్ర రాగా, అతనిని బండి క్రింద పరుండబెట్టి, వచ్చిన బంధువులను ఆదరించు సందడిలో అతని యేడ్పును వినలేదు. పాలకై యేడ్చుచు అతడు కాలుజాడించగా బండి తలక్రిందులైనది. అద్భుతమును ప్రక్కకునుంచి చూచినచో, ఇంటినిండ చుట్టములున్న దినమున పనిలో మునిగిన తల్లి, ఎడముగ పడుకొన్న బిడ్డ, వినబడని యేడ్పు ఇందు కనబడును. ఏ యింటనైనను జరుగదగినదే. బిడ్డ బోర్లపడిన నాడు బొబ్బట్లు పంచు తెలుగువారి వేడుక ఆ పురాణోత్సవమునకు దగ్గరిచుట్టము. నేటి శిశువైద్యులు కూడ ఆ దినమును లెక్కపెట్టుదురు. బిడ్డ ఒత్తిగిల నేర్చుచున్న గురుతులు కనబడిన వెంటనే పొత్తిగుడ్డలో బిగించి చుట్టుట మానవలెనని వారి ఉపదేశము.

పోతన దశమస్కంధములో గోపికలు నందునింటికి వచ్చి శిశువును చూచిన ఘట్టము ఇంకొక విధముగ విలువైనది. వారు బిడ్డకు నూనె తలకంటినారు, పసుపు పూసినారు, నీళ్లాడించినారు, రక్ష చెప్పి నీళ్లు చుట్టివేసినారు, తొట్టిలలో నునిచి దీవించి పాడినారు. అటు పిమ్మట జోల పల్లవి కందపద్యములోనికి ప్రవేశించినది. మార్గకవిత్వపు ఛందస్సు ఆడువారి నోటి 'జోజో' ను యథాతథముగ స్వీకరించిన సందర్భమిది. ఇక్కడ కవి వర్ణించినది అలంకారశాస్త్రములోని శైశవము కాదు. 15వ శతాబ్దపు తెలుగింటి సాయంకాలము. అభ్యంగనము, స్నానము, రక్ష, తొట్టిల, పాట అను క్రమము కూడ అందు చెదరలేదు. ఈ క్రమమునకు గల ప్రాముఖ్యము వ్యాసాంతమున మరల ప్రస్తావనకు వచ్చును.

పోతనకు సమకాలికుడైన తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) జోలను, లాలిని పదకవిత్వపు నడిమింటికి తెచ్చినాడు. ఆయన పేర ప్రసిద్ధమైన జోలపాట నేటికిని తెలుగు తల్లుల నోట నిలిచియున్నది. తిరుమలలో రాత్రి జరుగు ఏకాంతసేవలో భోగశ్రీనివాసమూర్తిని గొలుసులతో వ్రేలాడు మంచముపై శయనింపజేయుదురు. ధనుర్మాసమున ఆ స్థానము శ్రీకృష్ణునిది. 'తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి' అను నానుడి ఈ సేవనుండి పుట్టినదే. 18వ శతాబ్దపు కవయిత్రి తరిగొండ వెంగమాంబ పేర హారతియు, అన్నమయ్య వంశమువారి లాలియు ఆ సేవలో కలిసినవి. త్యాగరాజు (1767–1847) ఉత్సవసంప్రదాయ కీర్తనలలోను లాలికి చోటున్నది. మంచమునకును ఊయెలకును భేదము తుడిచివేసిన ఆ వ్రేలాడు శయ్య భక్తికవులకు ఇచ్చిన భావము స్పష్టమైనది: లోకమును నిద్రపుచ్చువానిని కూడ ఒకరు నిద్రపుచ్చవలసియున్నది. తెలంగాణమున బతుకమ్మ చుట్టు తిరుగు స్త్రీలు చరణము చరణమునకు 'ఉయ్యాలో' అని పలుకుట చూచినచో, ఊయెల లయ బిడ్డను దాటి స్త్రీల పాట కంతటికిని ఊపిరియైనదని తెలియును.

ఈ సంపద తెలుగువారిది మాత్రమే కాదు. తమిళమున పెరియాళ్వారు కృష్ణునికై పాడిన తాలాట్టులో బ్రహ్మదేవుడు మణులు కూర్చిన చిన్న బంగారు తొట్టిలను పంపినాడు. కులశేఖరాళ్వారు తిరుక్కణ్ణపురములోని రామునికి జోలపాడినాడు. తరువాత ఏర్పడిన పిళ్లైత్తమిళ్ ప్రక్రియలో శైశవమును పది పరువములుగ విభజించి, అందు మూడవదానికి 'తాల' మని పేరిడినారు. జోల ఒక కావ్యభాగమైనది. మహారాష్ట్రమున 'పాళణా' గీతములు రామకృష్ణులతో ఆగక శివాజీ వరకు వచ్చినవి. కేరళమున ఇరయిమ్మన్ తంపి (1782–1856) శిశువైన స్వాతితిరునాళ్ కొరకు రచించెనని ప్రసిద్ధి గాంచిన జోల మలయాళమున నేటికిని అత్యంత ప్రియమైన గీతము. మార్కండేయ పురాణములోని మదాలస ఊయెలలోని కుమారులకు ఆత్మతత్త్వమును బోధించి విరాగులను చేసినది. భర్త వేడగా నాలుగవవాడైన అలర్కునకు మాత్రము రాజధర్మమును నేర్పినది. 14వ శతాబ్దమున మారన ఈ పురాణమును తెలుగు చేసినాడు. జోలపాట ద్వారా ఏమి నేర్పవలెనో నిర్ణయించు అధికారము తల్లిదే యను విశ్వాసము ఈ కథకు పునాది.

వంగదేశపు జోల యొకటి వీని కన్నిటికిని భిన్నమైనది. 1740ల నాటి మరాఠా దండయాత్రలలో 'బర్గీ' లనబడు రౌతులు పల్లెలను దోచినారు. బిడ్డ నిద్రించినాడు, పేట సద్దుమణగినది, బర్గీలు వచ్చినారు, పిట్టలు ధాన్యము తినిపోయినవి, శిస్తు చెల్లించుట యెట్లు అను దిగులు ఆ పాటలో నిలిచిపోయినది. రవీంద్రనాథుడు ఇట్టి పాటలను సేకరించి, వానిపై వ్రాసిన వ్యాసములను 1907 నాటి 'లోకసాహిత్య' గ్రంథమున చేర్చినాడు. చరిత్రకారులు లెక్కలు వ్రాయుటకు పూర్వమే ఆ దశాబ్దపు భయమును ఒక తల్లి తొట్టిల ప్రక్కన కూర్చుండి నమోదు చేసినది. తెలుగున బిరుదురాజు రామరాజుగారి జానపదగేయ పరిశోధనము (1958) మొదలుగ జరిగిన కృషివలన స్త్రీల పాటలకు గౌరవస్థానము లభించినది. బిడ్డకు అర్థము కాదను ధీమాతో తల్లి అత్తింటి కష్టమును, పుట్టింటి తలపును, కాపురపు లోటును జోలలో చెప్పుకొనును. వినువాడు నిద్రపోవుటయే ఆమెకు కావలసిన స్వేచ్ఛ.

ఇక తొట్టిల సంగతి. ధనికుల యింట నగిషీ చెక్కిన కొయ్యతొట్టిల, ఇత్తడి గొలుసులు, పైన వ్రేలాడు చిలుకలు ఉండును. సామాన్యులకు దూలమునకు కట్టిన పాతచీరయే ఊయెల. పొలమున కలుపుతీయు కూలి తల్లికి గట్టుమీది చెట్టుకొమ్మయే దూలము. ఈ చీర ఉయ్యాల ఎంతో తెలివైన ఏర్పాటు. నేలమీది పురుగుపుట్ర నుండియు తేమ నుండియు బిడ్డను కాపాడును. ఒకచేతితో ఊపుచు మరియొకచేతితో పని చేసికొనుటకు వీలిచ్చును. బిడ్డ కదలినంతనే తానును కదలును. బారసాలనాడు బిడ్డను తొట్టిలలో వేసి పేరు పెట్టు వేడుక ఈ వస్తువునకు సంఘమిచ్చిన గౌరవము. కాని దాని లోపములను చెప్పకుండుట న్యాయము కాదు. మెత్తని గుడ్డలో శిశువు దేహము వంగి గడ్డము రొమ్మునకానును. మెడ నిలుపలేని మొదటి నెలలలో అది ఊపిరికి అడ్డము. బిడ్డ పెరిగిన కొలది జారిపడుట, గుడ్డ మెడకు చుట్టుకొనుట కూడ జరుగుచున్నవి. అభ్యంగనస్నానము పిమ్మట పట్టు సాంబ్రాణి పొగయు పసి ఊపిరితిత్తులకు మంచిది కాదని నేటి వైద్యుల మాట. పాతదైనంత మాత్రమున నిర్దోషము కాదు.

యూరపు చరిత్ర మరియొక దారిన నడచినది. అచట మధ్యయుగములలో ప్రక్కలో బిడ్డ మరణించినచో తల్లిదండ్రులకు చర్చి ప్రాయశ్చిత్తములు విధించెడిది. ఇటలీలోని ఫ్లారెన్సులో 'ఆర్కూచియో' అను సాధన ముండెడిది. కొయ్యయు ఇనుపకమ్మియు కలిపిన ఆ గూటిని పడకపై బిడ్డకు పైగా అమర్చినచో దాది ఒరిగినను బరువు శిశువుపై పడదు. పాలిచ్చుటకు ప్రక్కన సందు ఉండును. 1732లో లండను రాయల్ సొసైటీ పత్రికలో దానిని వర్ణించిన లేఖ, దానిని వాడని దాదులకు మతబహిష్కారమే శిక్ష యని చెప్పుచున్నది. 1892లో స్కాట్లండులోని డండీ నగర పోలీసు వైద్యుడు టెంపుల్మన్ ఇట్టి 258 శిశుమరణములను పరిశీలించి, శనివారపు రాత్రులలో అవి హెచ్చుగ జరుగుట గమనించినాడు. కూలి ముట్టిన రాత్రి త్రాగుడు, ఇరుకు గది, ఒకే పడకపై కుటుంబమంతయు, ఇవి ఆయన చూపిన కారణములు. 1908 నాటి బ్రిటిషు బాలల చట్టము త్రాగిన స్థితిలో పసిబిడ్డను ప్రక్కలో నుంచుకొని మరణము కలిగించుటను నేరముగ పరిగణించినది. వేరు మంచము పేదయిండ్లలోనికి ప్రవేశించుటకు ఈ భయమే ముఖ్య కారణము. దానిని మమత లేనితనమని త్రోసివేయుట తొందరపాటగును.

అయితే భయము వెంట శాసనము వచ్చినది. 1894లో అమెరికా వైద్యుడు ఎమెట్ హోల్ట్ ప్రచురించిన శిశుపోషణ గ్రంథము ఊపుటను నిషేధించినది. ఏడ్పు ఊపిరితిత్తులకు వ్యాయామమని చెప్పినది. 1907లో న్యూజీలండులో సంఘమును స్థాపించిన ట్రూబీ కింగ్ నాలుగు గంటల కొకసారి పాలు, వేరు మంచము, స్వచ్ఛమైన గాలి అను నియమములను గడియారము ప్రకారము అమలుపరచినాడు. 1928లో మనస్తత్త్వవేత్త వాట్సన్ బిడ్డలను ముద్దాడరాదనియు, ఉదయమున చేయి కలిపి పలుకరించిన చాలుననియు బోధించినాడు. అమ్మమ్మ స్థానమున గడియారము కూర్చున్న కాలమది. మనదేశమునను 1885లో డఫరిన్ నిధి ఏర్పడిన తరువాత స్త్రీల ఆసుపత్రులు పెరిగినవి; తెలుగు స్త్రీల పత్రికలలో శిశుపోషణ వ్యాసములకు చోటు కలిగినది. చదువుకొన్న తెలుగు తల్లికి మొదటిసారిగా ఇద్దరు గురువులు ఏర్పడినారు: ప్రక్కనున్న అత్తగారు, చేతిలోనున్న పుస్తకము.

1946లో బెంజమిన్ స్పాక్ గ్రంథము తల్లికి ఆత్మవిశ్వాసము నిచ్చి ఈ కాఠిన్యమును కొంత సడలించినది. కాని ఆ దయాళువైన గ్రంథమునందే ఘోరమైన పొరపాటొకటి జరిగినది. 1950ల నడుమ నుండి వచ్చిన ముద్రణలలో బిడ్డను బోర్ల పరుండబెట్టుట మంచిదను సలహా చేరినది. వెల్లకిల నుంచినచో వాంతి గొంతుకకు అడ్డుపడునను ఊహయే దానికి ఆధారము. వైద్యులందరును దానినే చెప్పినారు. బోర్లనిద్రకును తొట్టిమరణములకును గల సంబంధము 1970 నాటికే ప్రచురిత పరిశోధనలను కలిపి చూచినచో తెలిసియుండెడిదని 2005లో ఒక సమీక్ష నిరూపించినది. సకాలమున గ్రహించియుండినచో బ్రిటనులో పదివేలకు పైగాను, యూరపు, అమెరికా, ఆస్ట్రేలియా ప్రాంతములలో కనీసము యాభైవేలును శిశుమరణములు తప్పియుండెడివని దాని అంచనా. 1991లో బ్రిటనులోను, 1994లో అమెరికాలోను 'బిడ్డను వెల్లకిల పరుండబెట్టుడు' అను ప్రచారము సాగినది. ఆ తరువాతి ఏండ్లలో ఇట్టి మరణములు సగమునకు తగ్గినవి. మన తొట్టిలలో బిడ్డ అనాదిగ వెల్లకిలనే పరుండినది. ఇందులో గర్వించుటకంటె నేర్చుకొనవలసినది హెచ్చు: శాస్త్రము తన తప్పును తానే లెక్కించి ప్రకటించినది, ఆచారమునకు అట్టి అలవాటు లేదు.

వేరు పడకకు దయ గల రూపము నిచ్చినది ఫిన్లండు. 1937 నాటి చట్టము ననుసరించి 1938 నుండి పేద తల్లులకును, 1949 నుండి తల్లులందరికిని ఆ ప్రభుత్వము బాలింత సామగ్రిని అట్టపెట్టెలో పెట్టి ఇచ్చుచున్నది. బట్టలు తీసిన తరువాత అడుగున చిన్న పరుపుతో ఆ పెట్టెయే బిడ్డ పడక యగును. నేడు శిశువైద్య సంఘములు చెప్పు నియమము క్లుప్తమైనది: బిడ్డ వెల్లకిల పరుండవలెను, పరుపు గట్టిగను సమముగను ఉండవలెను, దిండ్లు, వదులు దుప్పట్లు, బొమ్మలు పడకలో నుండరాదు, కనీసము మొదటి ఆరు నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, వేరు పడకపై నిద్రింపవలెను. సొరానస్ మాట మరల వినబడుచున్నది. అత్తగారి మమతకును కోడలి జాగ్రత్తకును ఇందు సంధి కుదురును. మంచము వేరైనను చేయి చాచిన అందును.

నిద్ర నేర్చుట యనగా నేమి? అప్పుడే పుట్టిన బిడ్డకు రాత్రింబవళ్ల భేదము తెలియదు. దినమునకు 14 నుండి 17 గంటలు నిద్రించును గాని ముక్కలు ముక్కలుగ నిద్రించును. రాత్రిని రాత్రిగ గుర్తించు లోపలి గడియారము ఏర్పడుటకు సుమారు మూడు నెలలు పట్టును. కావున తొలినెలలలో మంచమున నిద్రింపని బిడ్డ మొండిది కాదు, ఓడిన తల్లి చేతకానిది కాదు. చేతులలో నిద్రించి మంచము తాకినంతనే మేల్కొను బిడ్డను గూర్చి జపాను దేశపు రికెన్ పరిశోధకులు 2013లోను 2022లోను పరీక్షలు జరిపినారు. ఎత్తుకొని నడచునపుడు శిశువు గుండెవేగము తగ్గును. తల్లి దేహమునుండి వేరుపడు క్షణమున మేల్కొనును. అయిదు నిమిషములు ఎత్తుకొని నడచి, బిడ్డ నిద్రించిన తరువాత అయిదు నుండి ఎనిమిది నిమిషములు కదలక కూర్చుండి, అటు పిమ్మట పరుండబెట్టినచో నిద్ర నిలుచునని వారి నిర్ణయము. ప్లేటో దాదులును, సుశ్రుతుని హెచ్చరికయు ఇక్కడ ఒకచోట కలిసికొన్నవి.

బిడ్డ కొంత పెరిగిన తరువాత ఏడ్వనిచ్చుట మంచిదా కాదా అను వివాదము నేటికిని సాగుచున్నది. 1985లో రిచర్డ్ ఫెర్బర్ ఒక నడిమిమార్గము చూపినాడు. బిడ్డ మగతగా నున్నను మేలుకొనియుండగనే మంచమున నుంచుట, ఏడ్చినచో కొంత వ్యవధి యిచ్చి వచ్చి పలుకరించుట, ఆ వ్యవధిని క్రమముగ పెంచుట ఆ పద్ధతి. ఆరేడు నెలలు దాటిన శిశువులకు ఇట్టి పద్ధతులను నేర్పిన కుటుంబములను ఆస్ట్రేలియాలో అయిదేండ్లు గమనించి, బిడ్డలకు శాశ్వతమైన కీడు గాని మేలు గాని కనబడలేదని 2012లో ప్రకటించినారు. అనగా, పద్ధతిని అనుసరించిన తల్లి క్రూరురాలు కాదు. అనుసరింపని తల్లి అజ్ఞానురాలు కాదు. ఇంటిలోని తీర్పులకు ఇంతటి నిదానము వచ్చినచో ఎందరో బాలింతల కన్నీరు తగ్గును.

2009లో అమెరికాలో 405 మంది తల్లులతో జరిగిన పరిశోధన యొకటి తెలుగు పాఠకులకు మిక్కిలి ఆసక్తికరమైనది. ప్రతిరాత్రి ఒకే వరుసలో స్నానము, మర్దన, పిమ్మట లాలనయో జోలపాటయో జరిపి బిడ్డను పడకపై నుంచినచో, బిడ్డలు త్వరగా నిద్రించినారు, రాత్రి మేల్కొనుట తగ్గినది, తల్లుల మనస్సు కుదుటపడినది. పోతన గోపికల క్రమము జ్ఞాపకమునకు రాక మానదు: నూనె, స్నానము, తొట్టిల, పాట. స్నానమర్దనముల వరుస మారినది గాని విద్య మారలేదు. పోతన పరిశోధన చేయలేదు. పరిశోధకులు పోతనను చదువలేదు. ఇరువురును చూచినది మాత్రము ఒక్కటే. బిడ్డకు నిద్రను నేర్పునది ఒక వస్తువు కాదు, నిత్యము మారని వరుస. ఆ వరుసలో చివరిది పాట.

కావున మంచమా తొట్టిలయా అను తగవునకు చరిత్ర యిచ్చు సమాధానము సూటియైనది. పడక విషయమున సొరానస్ మాటను, నేటి వైద్యుల మాటను వినుట మేలు. అందు పోగొట్టుకొనునది చీరముడి మాత్రమే. పోగొట్టుకొనరానిది పాట. నేడు అనేక గృహములలో ఆ పని సెల్‌ఫోనునకు అప్పగింపబడినది. యంత్రము అలసట లేక పాడును. కాని పాడుచున్న కొలది గొంతు తగ్గించుట, బిడ్డ ఊపిరిని విని చరణమును ఆపుట, ఆనాటి దిగులును అందులో కలుపుట దానికి చేతకాదు. బర్గీల నాటి తల్లి పాట నిలిచియున్నందున ఒక దేశపు భయము మనకు తెలిసినది. వలసపోయిన కూలి తల్లులు, నగరపు ఇరుకుగదుల తల్లులు, సముద్రము దాటి అపరిచిత దేశములలో ఒంటరిగ బిడ్డలను పెంచు తెలుగు తల్లులు నేడు మంచము ప్రక్కన నిలిచి ఏమి పాడుచున్నారో వ్రాసిపెట్టువారు అరుదు. పాటతోపాటు పాడినవారి ఊరు, కాలము, సందర్భము నమోదు చేయు సేకరణలు ప్రతి జిల్లాలోను, ప్రవాసాంధ్రులున్న ప్రతి నగరములోను జరుగవలసియున్నవి. అది రచయితలు చేయదగిన పని. ఆ పాటలు పాడినవారు తమను కవులని యెంచుకొనలేదు. బిడ్డ నిద్రించినంతనే పాటను నడుమనే విడిచి, దీపము తగ్గించి, మిగిలిన పనికి లేచిపోయినారు.